చెరుకు రసం తాగిన ఆల్టర్నేటర్

నేను ఒక పాత కారులోంచి ఊడిన ఆల్టర్నేటర్‌ని. బెల్టు వేసి తిప్పితే కరెంటు పుట్టిస్తాను. మరో విద్య రాదు. పద్నాలుగేళ్ళు ఆ కారు బానెట్ కింద చీకట్లోనే తిరిగాను. ముందు వెలిగే దీపాలు నా వల్లేనని వినడమే తప్ప ఒక్కసారీ చూడలేదు. కారును తుక్కు కింద కోసేసిన రోజు నన్నూ కోస్తారనుకున్నాను. మెకానిక్ మస్తాను మాత్రం నన్ను చేత్తో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఒక మనిషి నా మాట వినడం నాకదే మొదలు. బిత్తరపోయాను.

మస్తాను నన్ను మాలకొండమ్మ చెరుకు రసం బండికి బిగించాడు. చెరుకు పిండే గానుగను తిప్పడానికి ఆ బండి మీద చిన్న డీజిలింజను ఉంది. దాని పక్కన నన్ను కూర్చోబెట్టి, మా ఇద్దరికీ ఒక బెల్టు వేసి, ఒక బ్యాటరీ, రెండు బల్బులు కలిపాడు.

ఇదంతా తిరునాళ్ళ కోసం. నిరుడు చీకట్లో ఎవరిదో చున్నీ ఇంజను బెల్టులో పడి ప్రాణం మీదికొచ్చిందట. అందుకని దీపం లేని బండి పొద్దుగూకాక మైదానంలో ఉండకూడదని కమిటీ వాళ్ళు ఈ ఏడు చెప్పేశారు. తిరునాళ్ళ జనం వచ్చేదే పొద్దుగూకాక. మాలకొండమ్మ తన రెండు సెంట్ల చెరుకూ అప్పటికే కోసేసింది. ఐదు రోజుల్లో పిండకపోతే అది ఎండి పొయ్యిలోకే.

మొదటి సాయంత్రం ఇంజను తిప్పారు. బల్బులు వెలిగాయి. నా వెలుగును నేను చూడటం జన్మలో అదే మొదలు. ఇంత తెల్లగా ఉంటుందా అని ఆశ్చర్యంతో ఒక క్షణం తిరగడమే మరిచిపోబోయాను. బెల్టు ఊరుకోలేదు.

మర్నాడు పొద్దున అసలు దెబ్బ తగిలింది. మాలకొండమ్మ మొదటి గ్లాసు రసం ఎవరికీ అమ్మదు. బొట్టు పెట్టి ఇంజను మీద పోస్తుంది. పదకొండేళ్ళ అలవాటు. ఆ రోజు గ్లాసు పట్టుకుని ఇంజను వైపూ నా వైపూ చూసింది. ఇంటికి కొత్తగా వచ్చినదానికి ముందు పెట్టాలనుకుందేమో, గ్లాసెడు రసమూ నా నెత్తిన పోసింది. అల్లం, నిమ్మకాయతో సహా. చల్లగాలి కోసం నాకున్న సందులన్నిట్లోకీ అది దిగింది. నేను కొయ్యబారిపోయాను. మనుషుల కోపం ఎరుగుదును గానీ, మనుషుల మర్యాద ఇలా ఉంటుందని నాకు తెలియదు.

నా లోపల తిరిగే రాగి ఉంగరాల మీద రెండు బొగ్గు ముక్కలు ఆనుకుని ఉంటాయి. అవి ఆనితేనే కరెంటు. ఎండకు రసం జిగురై వాటిని పట్టేసింది. సాయంత్రానికి బల్బులు పసుపయ్యి, ఎర్రబడి, ఆరిపోయాయి.

కమిటీ పెద్ద వీరనారాయణ వచ్చి బండి తీసెయ్యమన్నాడు. కాసేపు ఆగమని మాలకొండమ్మ బతిమాలింది. హారతి గంట కొట్టేదాకా చూస్తానని ఆయన చేతులు కట్టుకుని అక్కడే నిలబడ్డాడు. మస్తాను పరుగున వచ్చి ఇంజను ఆపి, టార్చి వెలుగులో బెల్టు చూశాడు, తీగలు చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి.

"దీని పని అయిపోయిందక్కా," అని నా బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. మళ్ళీ తుక్కే అనుకున్నాను.

"ఆగు మస్తానూ. దీంట్లోకి చీమలు పోతన్నయ్యేంది?"

"చీమలకి కరెంటుతో ఏం పనక్కా?"

మాలకొండమ్మ వంగి చీమల బారు వంక చూసింది. "పొద్దున మొదటి గ్లాసు దీనికే పోశాను," అంది.

మస్తాను పానా పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయాడు.

"ఇన్నేళ్ళూ ఇంజనుకి పోస్తన్నా గదా. దానికేం కాలా," అంది.

"అది ఇనప దుంగక్కా, దానికి నోరు లేదు. దీనికి ఒళ్ళంతా నోళ్ళే."

"పాయసం కూడా పెట్టకపోయావామ్మా," అన్నాడు వీరనారాయణ.

మస్తాను నన్ను విప్పి, ఉంగరాలను గరుకు కాగితంతో రుద్ది, పెట్రోలు గుడ్డతో తుడిచాడు. లోపలున్న చీమలను మాలకొండమ్మ ఒక్కొక్కటిగా ఊది పంపింది. గంట మోగుతుండగా ఇంజను తిప్పారు. బ్యాటరీలో మిగిలిన చిటికెడు కరెంటు నన్ను లేపింది. వెలుగు వీరనారాయణ మొహం మీద పడింది. ఆయన గ్లాసు కోసం చెయ్యి చాచాడు.

మర్నాడు పొద్దున్నే మస్తాను నాకు కాపలాగా వచ్చి నిలబడ్డాడు. మాలకొండమ్మ మొదటి గ్లాసు పట్టింది. నేను బిగుసుకుపోయాను. ఆమె నన్ను దాటింది, ఇంజనునూ దాటింది. బండికి నాలుగడుగుల దూరంలో చీమలు బారుగా పోతున్న చోట వంగి, ఆ గ్లాసు నేల మీద మెల్లగా పోసింది.

ఐదో రోజు చీకటి పడ్డాక ఆఖరి చెరుకు గడ గానుగలోకి వెళ్ళింది.