వానకు సర్దిన సంచి

సంచి సర్దింది వాన కోసం. దేవుడి మీద ఒట్టు, వాన కోసమే.

2021 నవంబరులో తిరుపతి మునిగినప్పుడు మా వీధిలో నడుము లోతు నీళ్లు. నా డిగ్రీ, బీఈడీ సర్టిఫికెట్లు నాని ముద్దయిపోయాయి. మళ్లీ తెప్పించుకోవడానికి ఏడాది పట్టింది, తిరిగి తిరిగి కాళ్లరిగాయి. ఇప్పుడు ఇంకో తుపాను అంటున్నారు. గురువారం చిత్తూరులో టీచరు ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలన. ఒరిజినల్స్ చూపించకపోతే నా ఉద్యోగం లిస్టులో నా వెనకున్నవాళ్లకు పోతుంది. అంతే సంగతి.

అందుకే మంగళవారం పొద్దున్నే కూర్చుని ఒక జిప్పు సంచి సర్దాను. టార్చిలైటు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, బొరుగులు, నీళ్ల సీసాలు, అందరి ఆధార్ కార్డులు, మా అత్త వరదమ్మకు నెలకు సరిపడా షుగరు మాత్రలు, మా ఆయన ఢిల్లీబాబుకు రెండు లుంగీలు, నాకు రెండు చీరలు. అన్నిటికంటే పైన ప్లాస్టిక్ కవరులో నా సర్టిఫికెట్ల ఫైలు. నీళ్లొస్తే పట్టుకుని మిద్దె ఎక్కడానికి వీలుగా ఉంటుందని తలుపు పక్కన పెట్టాను.

అదీ నేను చేసిన పాపం.

మా అత్త కూరగాయలు తీసుకుని లోపలికి వస్తూనే సంచి చూసింది. జిప్పు లాగింది. ముందు ఫైలు, దాని కింద నా చీరలు కనబడ్డాయి. ఇంక లోపలికి చెయ్యి పెట్టలేదు.

"ఒరే ఢిల్లీబాబూ, నీ పెండ్లాం మూట కట్టుకోనుండాది, వచ్చి సూడు!"

"అది వానొస్తే ఎత్తుకోని మిద్దెక్కేదానికి అత్తా. అడుగున నీ మాత్రలుండాయి సూడు."

"నా మాత్రలు అడ్డం పెట్టినావా? ఎంత తెలివే నీకు! యాడ వాన? యాడుండాది?"

వీధిలో ఎండ కాస్తోంది. అదే అవకాశమని ఆవిడ ఆకాశం చూపించి మరీ నవ్వింది.

ఢిల్లీబాబు నోట్లో బ్రష్షుతోనే వచ్చాడు. ఆడది ఉద్యోగానికి పోతే కొంప గుల్లవుతుందని పెళ్లి నాటి నుంచీ పాడుతున్న మనిషి. సంచిలో ఇంకేముందో చూడలేదు, నా వైపు చూడలేదు. ఫైలు మాత్రం తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఇది బీరువాలో పెట్టి తాళమేస్తా."

"మరి గురువారం?"

"గురువారం సంగతి గురువారం సూస్తాం."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్లూ నేను నీళ్లకు భయపడ్డాను. భయపడాల్సింది వీళ్లకని ఆ నిమిషంలో తెలిసింది.

చంకలోంచి ఫైలు లాక్కున్నాను. నా చీరలు, నా ఆధార్ కార్డు తీసుకుని, సంచి వాళ్ల ముందుకు తోశాను.

"మూడు దినాలకు మీకు కావాల్సినవన్నీ దీంట్లో ఉండాయి. నీళ్లొస్తే మిద్దెక్కండి. నేను చిత్తూరికి పోతాండా."

"సూసినావా, నేను సెప్పలా?" అని మా అత్త చేతులు తిప్పింది.

పొద్దున లేచినప్పుడు నాకు ఇల్లు విడిచే ఆలోచన లేనే లేదు. ఆ ఆలోచన పెట్టింది వీళ్లే.

ఢిల్లీబాబు నోట్లో నురగ ఊసి, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"గడప దాటినావంటే మళ్లీ ఈ ఇంటికి రావద్దు."

"ఆ మాట కాగితం మీద రాసియ్యి," అన్నాను. "ఫైల్లో పెట్టుకుంటా."