మైనా అతికించిన పటం

బెంగాల్లో పటాలు గీసి పాడుకు బతికే మా పటువాలకు ఒక జబ్బుంది. ఏది జరిగినా బొమ్మలు గీసి, పాట కట్టి, నలుగురి ముందు పటం విప్పుతాం. వరదొస్తే గీశాం, పడవ మునిగితే గీశాం. నా అన్న కూతురు మైనా చిత్రకర్ ఆ జబ్బుతోనే చెడింది.

దాని ముత్తాత గుణధర్ గీసిన పాముల తల్లి మనసాదేవి పటం కలకత్తాలో ఒక గ్రంథాలయం పెట్టెలో ఉంది. ఆయన పోయి ఎనభై ఏళ్లు. మా ఇంట్లో పాట మొత్తం మిగిలింది గానీ, నకలు పటంలో చివరి మూడు బొమ్మలు మిగల్లేదు. పాడుతూ వేలు పెట్టాల్సిన చోట ఖాళీ. ఆ ఖాళీ నింపాలని మైనా పంతం.

గ్రంథాలయం వాళ్లు పటాన్ని నెట్‌లో పెట్టారు. మొత్తంగా చూస్తే వేలెడంత, మసక. పెద్దది చేస్తే కిటికీ సందులోంచి చూసినట్టు ఒక్క ముక్కే. పూర్తి బొమ్మ కోసం మైనా మూడు అర్జీలు పెట్టింది. నాలుగు నెలలకు ఒకదానికి జవాబొచ్చింది: "పరిశోధక సంస్థ ద్వారా రండి."

"ముక్కలే ఇస్తారట కాకా. ఇవ్వనీ. అతకడం మనకు వాళ్లు నేర్పాలా?" అంది బాబాయినైన నాతో.

నిజమే. కాగితాలు వరసగా కుట్టి, వెనక పాత చీర అంటిస్తేనే మాకు పటం. తొమ్మిది రోజులు కూర్చుని నాలుగు వందల పన్నెండు ముక్కలు నెట్‌లోంచి దించింది, అంచుకు అంచు కలిపింది. పాము కంట్లో ముత్తాత గీసిన వెంట్రుకంత గీత కూడా తేలింది. చూసి ఏడ్చింది. మూడు బొమ్మలూ గీసింది.

అక్కడ ఆగితే బతికిపోయేది. ఆగుతుందా? చేసిన పనినే ఇంకో పటంగా గీసింది: తాళమేసిన మేడ, అర్జీలు నమిలే గుమాస్తా, ముక్కలేరుకునే పిల్ల. మేళాలో పాడింది. జనం ఈలలేశారు. ముందు వరసలో ఒకాయన అంతా ఫోన్‌లో తీసుకున్నాడు. గ్రంథాలయం మనిషి.

నోటీసొచ్చింది. పటాలు పట్టుకుని గ్రంథాలయానికి వెళ్లాం.

"పాత బొమ్మ మీద మాకు హక్కేం లేదమ్మా, అది అందరిదీ" అన్నాడు వాళ్ల వకీలు.

"మరి నా నేరమేంటి బాబూ?"

"దించకూడదని సైటులో రాసుంది. దించావు. నువ్వే పాడి ఒప్పుకున్నావు. గొంతు బాగుంది."

"దాని మీద మా ముత్తాత వేలిముద్రలున్నాయి!"

"ఉన్నాయి. మా ఫొటోలో చాలా స్పష్టంగా వచ్చాయి."

క్షమాపణ పత్రం మీద సంతకం పెట్టించుకున్నారు. ముక్కలన్నీ చెరిపించారు. మైనా గీసిన మూడు బొమ్మల్నీ, మేళా పటాన్నీ సాక్ష్యమని చుట్టి లోపల పెట్టుకున్నారు. అది ఏ చట్టంలో ఉందని అడక్కుండా 'దండాలు బాబూ' అని బయటికొచ్చాను. ఊరూరా అరిచే నోరు ఇది!

ఏడాది తర్వాత మైనా ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. సైటులో కొత్త సేకరణ: మేళా పటం. వేలెడంత, మసక, నడిమధ్య వాళ్ల ముద్ర. కింద రాసుంది, 'చిత్రకారుడు తెలియదు.'

"పూర్తి బొమ్మ కావాలంటే అర్జీ పెట్టాలట కాకా."

పెట్టింది. ఈసారి జవాబు ఆ సాయంత్రానికే వచ్చింది.

పరిశోధక సంస్థ ద్వారా రండి.