బాణం గుర్తు మీది గంధం

పరంధామయ్య ఒక యంత్రానికి ఫలానా జబ్బు అని తేల్చిన తరువాత ఆ మాటను వెనక్కు తీసుకొన్న సందర్భం ఆయన ఇరవై ఆరేళ్ల వృత్తిలో లేదు. మద్రాసులో ఆరేళ్లు శీతల యంత్రాల కంపెనీలో పనిచేసి, తిరిగివచ్చి చిత్తూరులో సొంత వర్కుషాపు పెట్టుకొన్న మనిషి. జిల్లాలో ఎయిర్ కండిషన్ ఉన్న కట్టడాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో ముప్పాతిక భాగం ఆయన చేతి మీదుగా నడిచేవే. అందుచేత 1983 అక్టోబరు నెలాఖరున తిరుపతి నాగమణి థియేటరు నుంచి "మిషను మళ్లీ ఆగిపోతా ఉండాది, తక్షణం రండి" అని ట్రంకు కాల్ వచ్చినప్పుడు ఆయనకు ముందుగా కలిగింది అవమానం. ఆందోళన ఆ తరువాత వచ్చింది.

పది రోజుల కిందటే ఆయన ఆ థియేటరు మిద్దె ఎక్కి తీర్పు చెప్పి దిగాడు.

మిద్దె మీద ఇనుప గదిలాంటి పెద్ద ఏసీ యంత్రం ఉంది. నాలుగేళ్ల కిందట దాన్ని అక్కడ నిలబెట్టిందీ ఆయనే. మిట్టమధ్యాహ్నం కాగానే లోపలి గ్యాసు ఒత్తిడి హద్దు దాటి, రక్షణ స్విచ్చి పడి, యంత్రం ఆగిపోతోందని కబురు వస్తే వెళ్లాడు. ఒత్తిడి చూపే మీటర్ల ముళ్లు చూశాడు. ఒత్తిడి నిజంగానే ఎక్కువగా ఉంది. గ్యాసులో గాలి కలిస్తే ఒత్తిడి అలాగే పెరుగుతుంది. బిగించిన యంత్రంలోకి గాలి దానంతట అది చొరబడదు గనుక ఎవరో వాల్వు విప్పి ఉండాలి. గ్యాసు పట్టి ఫ్రిజ్జుల షాపులకు అమ్ముకోవడానికి కాకపోతే వాల్వు ఎందుకు విప్పుతారు? వాల్వు తాళం ఉండేది ఆపరేటరు వెంకటముని దగ్గర. ఈ గొలుసులో ఒక్క లంకె కూడా పరంధామయ్య కంటితో చూసినది కాదు. అయినా గొలుసు అందంగా అమరింది. అందంగా అమరినదాన్ని విడదీయడం ఆయనకు మనస్కరించలేదు.

కిందికి దిగి, క్యాంటీను ముందర టికెట్ల గుమాస్తా, గేటువాళ్లు, సోడా కొట్టేవాడు అందరూ నిలుచుని ఉండగా యజమాని మునిరామయ్య సెట్టితో అన్నాడు: "ఇది యంత్రం దోషం కాదు. గ్యాసు దొంగతనం. దొంగ మీ నీడనే ఉన్నాడు."

వెంకటముని ముందుకు వచ్చి, "సార్, ఆ ఫ్యాను..." అని ఏదో చెప్పబోయాడు.

"షటప్" అన్నాడు పరంధామయ్య. ఆ ఒక్క మాట ఆయన ఇంగ్లీషులో అన్నాడు.

ఆనాటి సాయంత్రం పాత గ్యాసు వదిలి కొత్తది ఎక్కించాడు. చల్లబడిన వేళ యంత్రం హాయిగా నడిచింది. వెంకటముని దగ్గర తాళాల గుత్తి తీసుకొని పనిలోనుంచి తీసివేశారు. పరంధామయ్య నిశ్చింతగా చిత్తూరు బస్సెక్కాడు.

ఇప్పుడు దొంగ పోయినా జబ్బు పోలేదు.

బస్సు పూతలపట్టు దాటినప్పటి నుంచి ఆయన మనసులో ఒకటే ప్రశ్న కెలుకుతూ వచ్చింది. దాన్ని ఆయన ప్రశ్నగా ఒప్పుకోలేదు. చెవిలో దూరిన చీమ మాదిరిగా విదిలిస్తూ వచ్చాడు. తిరుపతిలో దిగేసరికి పన్నెండు. ఈశాన్యపు వానలు ఇంకా పడలేదు. ఎండ సూదులతో గుచ్చుతోంది.

మిద్దె మీద వరదయ్య కనిపెట్టుకొని ఉన్నాడు. గేటు దగ్గర టికెట్లు చించే మనిషి. వెంకటముని పోయినాక యంత్రం స్విచ్చి కూడా అతడి మెడకే చుట్టారు.

"రాండి సార్. దీంతో నా పానం పోతా ఉండాది. నిన్న మ్యాట్నీలో ఆడోళ్లు కుర్చీలు యిరిసేదొకటే తక్కువ. 'ఏసీ అని బోర్డు పెట్టి మమ్మల్ని ఇడ్లీల మాదిరి ఉడకబెడతారా' అని ఒకామె నా సొక్కా పట్టుకునింది."

పరంధామయ్య నవ్వలేదు. ఒత్తిడి మీటర్లు బిగించి, యంత్రం వేయమన్నాడు. ముల్లు ఎక్కసాగింది. ఎక్కవలసిన చోట నిలవక ఇంకా ఎక్కింది. ఇరవై నిమిషాలకు టక్కున స్విచ్చి పడి, మోటారు నిట్టూర్చినట్టు ఆగింది.

కొత్త గ్యాసు తన చేతులతో ఎక్కించినది. అందులో గాలి లేదు. ఉంటే అది తానే కలిపినది కావాలి. బిగింపులు ఒక్కొక్కటే సబ్బునురుగు పూసి చూశాడు. ఎక్కడా బుడగ లేదు. వేడిని బయటికి వదిలే రాగిగొట్టాల చట్రాన్ని వంగి చూశాడు. దుమ్ము లేదు, కడిగిన కంచంలా ఉంది. అందమైన గొలుసు చేతిలో తునకలైంది. నుదుటి చెమట కనురెప్పల మీదికి జారింది.

అప్పుడు, పది రోజుల కిందటే అడగవలసిన మాట అడిగాడు.

"ఇది మొదట ఏనాడు ఆగింది, వరదయ్యా?"

"ఆయుధపూజ మర్నాడు సార్. అంతదంకా దానికి జలుబు కూడా రాలా."

పరంధామయ్య లేచి నిలబడ్డాడు. యంత్రం మళ్లీ వేయించి, గొట్టాల చట్రం ఎదుటికి వెళ్లాడు. చట్రం వెనక పెద్ద ఫ్యాను ఉంది. అది బయటి గాలిని చట్రం గుండా లోపలికి లాగి, వేడెక్కిన గాలిని వెనకనుంచి విసిరివేయాలి. ఆయన జేబురుమాలు తీసి చట్రానికి ఆనించాడు. రుమాలు దానికి అతుక్కుపోవాలి. అతుక్కోలేదు. రెపరెపలాడి, వేడిగాలికి ఎగిరి ఆయన మొహాన పడింది.

మొన్న ఇదే చోట నిలుచున్నప్పుడు కూడా ఈ సెగ మొహానికి కొట్టింది. అక్టోబరు ఎండ అనుకొన్నాడు.

ఆయన వెనక్కు నడిచి ఫ్యాను చుట్టూ ఉన్న ఇనుప వలయాన్ని చూశాడు. వలయం నెత్తిన అరచేతి వెడల్పున గంధం, దాని మీద మూడు కుంకుమ బొట్లు. ఎండకు గట్టిపడి పెచ్చు కట్టింది. ఫ్యాను ఎటు తిరగాలో చెప్పే బాణం గుర్తు ఉండవలసింది సరిగ్గా అక్కడే.

ఆయన బొటనవేలు అటు పోవడం చూసి వరదయ్య గాభరా పడ్డాడు.

"అయ్యో సార్, అది పూజబొట్టు. తుడస్తే పెద్దమ్మ ఊరుకోదు."

పరంధామయ్య వేలు తడిచేసుకొని గంధం రుద్దాడు. కింద ఎర్రరంగు బాణం బయటపడింది. బాణం ఎడమకు చూపుతోంది. యంత్రం ఆపి, రెక్కలు నెమ్మదించేదాకా ఆగి చూశాడు. అవి కుడికి తిరుగుతూ వచ్చి ఆగాయి. వెనక్కు తిరిగే ఫ్యాను గాలి చాలినంత లాగదు, వేడి పోదు, ఒత్తిడి పెరుగుతుంది.

"మోటారు వైర్ల మీద ఎవరు చేయి వేశారు?"

వరదయ్య తల గోక్కున్నాడు. "సెప్తే నా మింద పెట్టుకోరు కదా?"

"చెప్పు."

"పూజనాడు సెట్టిగారి అమ్మ, మా పెద్దమ్మ రుక్మిణమ్మ, మిద్దెక్కి వచ్చింది సార్. గుమ్మడికాయ కొట్టినాక మిషను ఏసి ఆపినారు. ఫ్యాను నిమ్మళించేది సూసి, 'ఇదేంటిరా, అప్రదక్షిణంగా తిరగతా ఉండాది? కొండ కింద వ్యాపారం పెట్టుకోని ఎడంపక్కకు తిరిగే మిషనా! ఇల్లు ఉద్ధరించినట్టే!' అనింది. యెంకటముని సెప్పినాడు సార్, 'అమ్మా, దీని తిరుగుడే ఇది, మారిస్తే గాలి తిరగబడతాది' అని. ఆమె ఇనలా. 'దేవుడు కుడి అంటే నువ్వు ఎడమ అంటావా' అనింది. ఇంకేం జేస్తాడు? రెండు వైర్లు అటుదిటు మార్సినాడు."

"ఈ సంగతి అతడు నాకెందుకు చెప్పలేదు?"

వరదయ్య ఆయన మొహంలోకి సూటిగా చూడలేదు. "సెప్పబోయినాడు గదా సార్, ఆ దినం. మీరే... మూసుకోమంటిరి."

పరంధామయ్య పనిముట్ల సంచి తెరిచాడు. మోటారు మూత విప్పి, రెండు వైర్లను తిరిగి వాటి చోట్లకు మార్చాడు. పని ఐదు నిమిషాలది. యంత్రం వేయగానే రుమాలు చట్రానికి చప్పున కరుచుకొంది. ముల్లు ఎక్కి, ఉండవలసిన చోట నిలిచింది. ముప్పావుగంట కాచుకొన్నా కదలలేదు. యంత్రం ఆపించాడు. ఇరవై ఆరేళ్లలో ఆయన బాగుచేసిన యంత్రాలన్నిటిలో ఇంత తేలికగా బాగైనది లేదు. బాగైనందుకు ఆయన గుండె ఇంతగా బరువెక్కినదీ లేదు.

మునిరామయ్య సెట్టి సంగతంతా విని, గది తలుపు దగ్గరగా వేశాడు.

"మంచిదయింది సార్. దీపావళికి కొత్త బొమ్మ వస్తా ఉండాది. మిషను బాగైందని మాత్రం సెప్పండి. మా అమ్మ పేరు యాడా ఎత్తొద్దు. డెబ్బై ఏళ్ల మనిషి, కుమిలిపోతాది."

"వెంకటముని సంగతి?"

"పిలిపిస్తాను. 'పోనీలే, ఈసారికి మన్నించినాం, పనికి రా' అని సెప్తే పరిగెత్తుకోని వస్తాడు."

"మన్నించడానికి అతడు చేసిన తప్పేమిటి?"

సెట్టి నొచ్చుకొన్నట్టు చూశాడు. "మీ పేరు కూడా నిలబడాల కదా సార్. మీ మంచికే సెప్తా ఉండాను."

ఆ మాట పరంధామయ్యకు తేలుకుట్టినట్టు తగిలింది. ఎందుకంటే ఆ ఆలోచన మిద్దె మెట్లు దిగుతూ ఆయనకూ వచ్చింది. 'వైరు వదులైంది, బిగించాను' అని ఒక్క ముక్క చెబితే చాలు. అడిగేవాడు లేడు. ఆ ముక్కను నాలుక చివరిదాకా తెచ్చుకొన్న మనిషి, అదే ముక్క మరొకరి నోట ఉపకారంగా వినేసరికి సిగ్గుపడ్డాడు.

"మీ తల్లిగారి పేరు నేను ఎత్తను. నా పేరు ఎత్తుకోవడానికి మీ అనుమతి అక్కరలేదు" అని లేచాడు.

వెంకటముని ఊళ్లోనే, కొర్లగుంటలో ఒంటిగది ఇంట్లో ఉంటున్నాడు. పరంధామయ్య వెళ్లేసరికి అతడు గుమ్మంలో కూర్చొని పాత టేబులు ఫ్యాను విప్పుతున్నాడు. ఆయనను చూడగానే అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు. లేచినందుకు తన మీద తనకే కోపం వచ్చినట్టు మళ్లీ కూర్చున్నాడు.

"ఫ్యాను తిరగబడింది. నీ తప్పు లేదు, నా తీర్పు తప్పు. రేపటి నుంచి పనిలోకి రావచ్చు. నేను చేసిన పొరపాటును యంత్రం రిజిస్టరులో నా దస్తూరితో రాసి సంతకం పెడతాను" అన్నాడు పరంధామయ్య, నిటారుగా నిలబడి, దారి పొడవునా కూర్చుకొన్న వాక్యాలను వరుస తప్పకుండా.

వెంకటముని స్క్రూ ఒకటి అరచేతిలో దొర్లించుకొన్నాడు. లోపలి నుంచి అతడి భార్య గురవమ్మ వచ్చింది. చేతులకు పిండి.

"రిజిస్టరు ఎవురు సదవతారు సార్? బీరువాలో ఎలకలా?"

"ఉండుమే" అన్నాడు వెంకటముని.

"నువ్వుండబ్బా! పది దినాలుగా ఉండే ఉంటివి గదా." ఆమె పరంధామయ్య వైపు తిరిగింది. "సోడా అంగడాయన కూడా 'గ్యాసు ముని పెండ్లాం పోతా ఉండాది' అంటా ఉండాడు సార్. బోరింగు కాడ బిందె పెడితే అందరూ నవ్వతారు. మీరు దొంగ అనింది పుస్తకంలో రాసినారా? నోటితో అన్నారు. అందరి ముందర అన్నారు. పుస్తకంలో కొట్టేస్తే నోట్లోది పోతాదా?"

పరంధామయ్య చిన్నతనం నుంచీ తర్కాన్ని గౌరవించే మనిషి. ఆమె మాటకు ఎదురుతర్కం వెతికాడు.

"నువ్వు ఆనాడే గట్టిగా ఎందుకు చెప్పలేదు?" అని వెంకటమునిని అడిగాడు. ఆ ప్రశ్నలో ఇంకా కొంత నేరం అతడి మీదికి నెట్టాలన్న ఆశ ఉంది. అది ఆయనకే వినిపించింది.

"మీరు మూసుకోమన్నారు, మూసుకొన్నాను" అన్నాడు వెంకటముని తల ఎత్తకుండా. "సెట్టిగారి కాడికి పోయి సెప్పాలంటే పెద్దమ్మను ఇరికించాల. ఆమె చేతి కూడు తిన్నాను. అయినా వైర్లు మార్సింది నేనే గదా సార్. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను. దొంగతనం మాత్రం నాది గాదు."

"నాతో రా" అన్నాడు పరంధామయ్య. ఆజ్ఞలా వచ్చిన ఆ మాటను సవరించుకొని, "రాగలవా?" అన్నాడు.

మ్యాట్నీకి టికెట్ల గంట కొట్టబోతున్నారు. క్యాంటీను ముందర గుమాస్తా, గేటువాళ్లు, వరదయ్య, సోడా కొట్టేవాడు ఉన్నారు. వరుసలో నిలబడిన జనం కూడా ఉన్నారు. వాళ్లు ఆనాడు లేరు. పరంధామయ్య ఒక్క క్షణం వాళ్లు లోపలికి పోయేదాకా ఆగుదామా అనుకొన్నాడు. వెనక వెంకటముని, అతడి వెంట వచ్చిన గురవమ్మ నిలబడి ఉన్నారు. ఆగలేదు.

"పది రోజుల కిందట ఇక్కడే నిలబడి నేను వెంకటమునిని దొంగ అన్నాను" అన్నాడు. గొంతు అనుకొన్నంత బిగ్గరగా రాలేదు. మళ్లీ చెప్పాడు. "దొంగ అన్నాను. అది అబద్ధం. గ్యాసు ఎవరూ దొంగిలించలేదు. ఫ్యాను వెనక్కు తిరుగుతూ ఉంటే నేను చూడలేదు. ఇతడు చూపబోతే నోరు మూయించాను. తప్పు నాది."

సోడావాడి చేతిలో సీసా గోలీ కీచుమని లోపలికి దిగింది. వరుసలో ఒకడు "ఏమప్పా, పంచాయితీనా? టికెట్లు ఇస్తారా, లేదా?" అన్నాడు. గుమాస్తా గబగబా టికెట్ల గూటిలోకి పోయాడు. ఆఫీసుగది కిటికీలో మునిరామయ్య సెట్టి మొహం ఒకసారి కనిపించి లోపలికి పోయింది.

క్షమించానని వెంకటముని అనలేదు. పరంధామయ్య చేతులు జోడించాలా వద్దా అని తడబడుతూ ఉండగా అతడు వరదయ్య ముందు చేయి చాపాడు. వరదయ్య తాళాల గుత్తి ఆ చేతిలో పెట్టి, "నా శని వదిలింది, పో నాయనా" అన్నాడు. ఎవరో ఇద్దరు నవ్వారు. గురవమ్మ నవ్వలేదు. కొంగు బిగించుకొని ఇంటి దారి పట్టింది.

వెంకటముని మిద్దె మెట్ల వైపు నడిచాడు. పరంధామయ్య తన పనిముట్ల సంచి తీసుకొని వెంట బయలుదేరాడు. ఒత్తిడి ముళ్లు ఇంకోసారి చూపించాలని, ఏది ఎంతలో ఉండాలో చెప్పాలని. మూడో మెట్టు మీద వెంకటముని ఆగి వెనక్కు తిరిగాడు.

"మీరు రావద్దు సార్. కిందనే ఉండండి. పైన ఎండ."

మాటలో మర్యాద ఉంది. అది ఆయన వయసు మీది దయతో అన్నదో, ఇకమీదట తన యంత్రం దగ్గరికి రావద్దని అన్నదో ఆ మొహం చూసి చెప్పడం పరంధామయ్యకు సాధ్యం కాలేదు. గట్టిగా అడగవచ్చు. అడిగే హక్కు తనకు మిగిలిందని అనిపించలేదు.

ఆయన సంచి పట్టుకొని మెట్ల కిందనే నిలబడ్డాడు. కొంతసేపటికి పైన మోటారు మోత అందుకొంది.