తలుపు రంగు సైకిలు

తమ ఊరు బాతెల్‌లో ఒక చర్చి ఆవరణలో పాత సామాన్లు అమ్ముతుంటే రజిని ఆ సైకిలు కొన్నది. ఇళ్లకు వేసే రకం ముదురాకుపచ్చ పెయింటు దాని ఒంటినిండా మందంగా పూసి ఉంది. పేరు లేదు, కంపెనీ గుర్తు లేదు. ఎత్తి చూస్తే మాత్రం ఆశ్చర్యంగా తేలిగ్గా ఉంది. ఎక్కి చర్చి చుట్టూ ఒకసారి తిరిగేసరికి, తన కొలతకే కుట్టించిన జాకెట్టులా అమరినట్టనిపించింది.

నది వెంట సైకిళ్ల కోసం వేసిన ట్రెయిల్ మీద ఆఫీసుకు సైకిల్లో వెళ్లడం ఆమెకు అలవాటు. కిందటేడు మంచు మీద జారిపడి ఎడమ మోకాలికి ఆపరేషన్ అయ్యాక అది ఆగిపోయింది. చదును నేల మీద ఫరవాలేదు గానీ, ఇల్లున్న నార్వే హిల్ ఎక్కేటప్పుడే మోకాలు మొరాయిస్తుంది. అందుకని ఈ సైకిలుకు మోటారు బిగించుకుందామనుకుంది.

"కొత్త ఈ-బైక్ ఆర్డర్ చేస్తే పోయేదానికి ఈ తిప్పలెందుకు?" అన్నాడు భర్త శ్యామ్‌సుందర్.

"అన్నీ ట్రై చేశాగా. ఒక్కటీ నా సైజు కాదు. స్కూల్ బస్ డ్రైవ్ చేస్తున్నట్టుంది ఎక్కితే."

మోటారు కిట్ అమ్మేవాళ్లు ముందు సైకిలు సంగతి చెప్పమన్నారు. ఏ కంపెనీది, ఫ్రేము ఉక్కుదా అల్యూమినియందా, పెడళ్ల ఇరుసు దూరే గొట్టం వెడల్పెంత అని అడిగారు. అవి తెలియకుండా ఏ మోటారు పడుతుందో చెప్పలేరట.

గరాజ్‌లో సైకిలును తలకిందులుగా నిలబెట్టారు. రజిని ఫ్రిజ్ మీది మిరపకాయ మాగ్నెట్ తెచ్చి ఫ్రేముకు ఆనిస్తే టక్కున అతుక్కుంది. ఉక్కే. గొట్టం అడుగున పెయింటు గోకగా గోకగా 'వి' అన్న అక్షరం, పక్కన ఒక అంకె బయటపడ్డాయి. శ్యామ్‌సుందర్ ఫోన్‌లో ఎంత వెతికినా అలా నంబరు వేసే కంపెనీ ఏదీ దొరకలేదు.

"అసలు ఇది కంపెనీ సైకిలేనా?" అన్నాడు.

గొట్టాలు కలిసే చోట రజిని ఇంకాస్త గోకింది. అక్కడ లోహాన్ని చిన్న చిన్న ఆకుల్లా చెక్కి ఉంది. ఏ రెండాకులూ ఒకేలా లేవు. ఎవరో ఆకురాయి పట్టి, ఓపిగ్గా, చేత్తో అరగదీసిన పని అది.

ఊళ్లోని సైకిల్ షాపు నడిపే ఆవిడకు ఫొటోలు పంపితే వెంటనే ఫోన్ చేసింది. దగ్గర్లోని స్నోహోమిష్ ఊళ్లో వెర్నన్ అనే ముసలాయన ఒకప్పుడు ఇలాంటి ఫ్రేములు చేసేవాడట. "ఆయనకు చూపించకుండా దాని మీద చెయ్యి వేయకు," అంది.

ఆదివారం సైకిలును కారు వెనక కట్టుకుని వెళ్లారు. వెర్నన్ ఇంటి ముందు ఆగగానే రజిని చటుక్కున భర్త మోచేయి పట్టుకుంది. "శ్యామ్, ఆ డోర్ చూడు!"

తలుపు ముదురాకుపచ్చగా ఉంది. సరిగ్గా అదే రంగు.

ఆ తలుపు తెరుచుకుని ఒక ముసలావిడ బయటికొచ్చింది. వచ్చినవాళ్లను చూడనే లేదు. "వెర్నన్, నా సైకిలొచ్చింది!" అని లోపలికి కేకేసింది.

ఆవిడ పేరు లోయిస్, వెర్నన్ భార్య. ఆ సైకిలు ఆయన ఆమె కోసమే చేశాడు. దొంగల కంట పడకుండా తలుపుకు వేయగా మిగిలిన పెయింటు పూసింది ఆవిడే. "ఆకులు కప్పేశానని చాలా రోజులు నాతో మాట్లాడలేదీయన," అని నవ్వింది.

"మరెందుకు ఇచ్చేశారు?" అడిగింది రజిని.

"మా వీధి చివర ఎక్కుడు దారి ఉంది చూశావుగా. ఒకరోజు సగంలో ఊపిరాడక దిగి, తోసుకుంటూ వచ్చాను. ఇక గరాజ్‌లో దాన్ని చూస్తూ ఉండలేక ఎవరికో ఇచ్చేశాను."

అప్పటికే బయటికొచ్చిన వెర్నన్ ఆకుల మీద వేళ్లు నడుపుతున్నాడు. రజిని తడబడుతూనే మోటారు మాట ఎత్తింది. ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఇవి పల్చటి గొట్టాలు. పెడళ్ల దగ్గర మోటారు పెడితే ఆ లాగుడుకి వెనక అతుకులు పగిలిపోతాయి."

రజిని హ్యాండిల్ మీంచి చెయ్యి తీసేసింది. ఇన్నాళ్లకు ఒళ్లెరిగిన సైకిలు దొరికిందనుకుంటే, అది ఇంకొకరి ఒంటి కొలత. "ఇది మీ దగ్గరే ఉండనివ్వండి," అంది లోయిస్‌తో.

"ఇచ్చేసింది నేను మళ్లీ తీసుకోను," అంది లోయిస్. మొగుడి వైపు తిరిగింది. "నిజం చెప్పు వెర్నన్. పగులుతుందా, నీకిష్టం లేదా?"

ఆయన ఒక ఆకు అంచున మిగిలిన పెయింటును గోటితో గీరాడు. "రెండూ," అన్నాడు చివరికి. తర్వాత ముందు చక్రం దగ్గర కూర్చున్నాడు. "ఇక్కడైతే చిన్న మోటారు పెట్టొచ్చు. చక్రాన్ని పట్టుకునే ఈ ఫోర్కు దానికి ఆగదు. కాస్త దిట్టమైనది చేయాలి."

"చేతులు వణుకుతున్నాయిగా నీకు," అంది లోయిస్.

"వణకనీ. నిదానంగా చేస్తాను."

నిజంగానే నిదానంగా చేశాడు. చలికాలం దాటి వేసవి మొదలయ్యేదాకా వీలున్న ఆదివారాలు ఇద్దరూ అక్కడికి వెళ్లారు. తిప్పలెందుకన్న శ్యామ్‌సుందరే మంటకు అడ్డం నల్లద్దాలు పెట్టుకుని గొట్టాలు పట్టుకునేవాడు. రజిని, లోయిస్ కలిసి పాత పెయింటంతా గోకేశారు.

మోటారు బిగించిన రోజు, మొదట లోయిసే ఎక్కాలని రజిని పట్టుబట్టింది. ఆవిడ ఒకటి రెండుసార్లు తూలి, నిలదొక్కుకుని, ఎక్కుడు వైపు సాగిపోయింది. మలుపు తిరిగి కనుమరుగైంది. ఎంతకీ రాలేదు. వెర్నన్ గేటు దాటి, కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. రజిని ఆయన వెనకే బయల్దేరింది. తానే పంపింది మరి.

అప్పుడు పైనుంచి బెల్లు వినిపించింది. లోయిస్ జుట్టు రేగి, ముఖం ఎర్రబడి, బ్రేకులు నొక్కుకుంటూ దిగివచ్చింది.

"పైన ఎవరో మేకల్ని పెంచుతున్నారు వెర్నన్!" అంది రొప్పుతూ. "కొత్త ఇల్లు కూడా వచ్చింది. మన వీధే, మనకు తెలియనే తెలియదు!"

వెర్నన్ వెనక్కి తిరిగాడు. షెడ్డులోకి వెళ్లి కొలతల టేపు తెచ్చాడు. "నిటారుగా నిలబడు," అన్నాడు ఆమెతో. "నీ కొలత మారిందేమో చూడాలి."

సోమవారం సాయంత్రం రజిని ఆఫీసు నుంచి సైకిలు మీద బయల్దేరింది. నార్వే హిల్ మొదట్లో మోటారు సన్నగా రొద చేస్తూ అందుకుంది. తొక్కడం మాత్రం ఆపలేదు ఆమె. సగం దూరంలో, ఇదివరకు కార్లోంచి ఎన్నడూ గమనించని ఒక కంచె మీద బ్లాక్‌బెర్రీ తీగ పూత పట్టి కనిపిస్తే, దిగకుండానే కాస్త నెమ్మదించి చూసి, ఇంటివైపు తిరిగింది.