నీళ్లు ముట్టని మనిషి

నర్సింగం వాగు ఒడ్డుకు వచ్చేసరికి చాకలి కనకయ్య మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఊరివాళ్ల పంచెలు బండకేసి బాదుతున్నాడు. అరవై దాటిన మనిషి. నీళ్లలో నానీ నానీ పాదాలు తెల్లగా పగిలాయి గానీ భుజాలు ఇంకా గట్టివే.

"మా అక్క కొడుకు బుచ్చన్న పోయిండు కనకయ్యా," అన్నాడు నర్సింగం గొంతు తగ్గించి. "అన్నలల్ల కలిసిండు గదా, అడివిల కాల్పులైనయట. పీనుగ జగిత్యాల దవాఖానల ఉన్నది. పేరు ఇంక పోలీసోళ్లకు తెల్వది, అనుమానమే. తెలిస్తే వాని చెల్లె లీలను ఠాణకు గుంజుకపోతరు. నేను పోతే నా ఎంబడి వడ్తరు. నువ్వు పెగడపల్లి పోయి అక్క చెవుల ఎయ్యి."

కనకయ్య పంచెను పిండి గట్టున పడేసి బయలుదేరాడు.

వాళ్ల ఊరు మేడిపల్లిలో ఎవరు కాలం చేసినా చుట్టాలకు కబురు మోసేది అతనే. దానికో పద్ధతి ఉంది. గడప తొక్కకూడదు, కూర్చోకూడదు, మంచినీళ్లు ముట్టకూడదు. వాకిట్లో నిలబడి చెప్పాలి, అంతే. ఎవరు పెట్టారో గానీ చిన్నప్పటినుంచీ అతనికి ఇది విడ్డూరమే. ఎర్రటి ఎండలో నడిచొచ్చినవాడు గుక్కెడు నీళ్లు తాగితే పోయినవాడికి వచ్చిన నష్టమేమిటి? తండ్రిని అడిగితే, "నీకెందుకురా గీ ఆరాలన్ని" అని కసిరాడు. పోనుపోను తనకే తెలిసింది. నీళ్లు వద్దనగానే ఇంటివాళ్ల చేయి గుండె మీదికి పోతుంది. నోరు తెరిచేలోపే కబురు సగం చేరిపోతుంది. చెప్పేవాడికీ వినేవాడికీ అదే ఆసరా.

జగిత్యాలలో బస్సు మారేటప్పుడు అతను దవాఖాన వైపు తల తిప్పలేదు.

పెగడపల్లిలో నర్సింగం అక్క లక్ష్మవ్వ ఇంటికి ఎదురుగా చాయ్ హోటలు బల్ల మీద లుంగీ కట్టుకున్న కొత్త మనిషి కూర్చుని ఉన్నాడు.

"ఎవరింటికి వచ్చారండీ మీరు?"

కనకయ్యకు నవ్వూ భయమూ ఒక్కసారే వచ్చాయి. తన బతుకులో తనను 'మీరు' అన్నవాళ్లు రెండే రకాలు: అడవిలో ఉన్న అన్నలు, వాళ్లను వెతికేవాళ్లు. అన్నలకు పట్టపగలు బల్ల మీద కూర్చుని చాయ్ తాగే తీరికెక్కడిది? పైగా ఆ లుంగీకి కొత్త గంజి మడత ఇంకా విరగలేదు.

"మా ఊరి ఆడిబిడ్డ ఇల్లు సారూ. మంచిచెడ్డ అర్సుకుందామని అచ్చిన."

లక్ష్మవ్వ అప్పటికే వాకిట్లోకి వచ్చింది. అతన్ని చూడగానే ఆమె మొహం పాలిపోయింది. పలకరించకుండానే లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి చాచింది. బల్ల మీది మనిషి ఇటే చూస్తున్నాడు. వాడు ఈ పద్ధతి ఎరిగినవాడో కాదో. ఎరిగినవాడైతే, నీళ్లు వద్దంటే చాలు, లీల పని అయిపోయినట్టే.

కనకయ్య చెప్పులు విప్పాడు. గడప దాటి గోడవారగా కూర్చుని, చెంబెత్తి గటగటా తాగాడు.

లక్ష్మవ్వ అక్కడే కూలబడి కళ్లనీళ్లతో నవ్వింది. "నిన్ను సూస్తనే నా పానం పోయినంత పనైంది కనకన్నా. నీళ్లు తాగినవ్, ఇగ నాకు బుగులు లేదు. నా కొడుకు యాడున్నా సల్లగుండాలె. బువ్వ తిని పో."

చెవిలో చెప్పవచ్చు. కానీ కన్నతల్లి ఏడుపును ఏ గోడ ఆపుతుంది? కనకయ్య చెంబు కింద పెట్టాడు. చటుక్కున లేచి వాకిలి దాటి రోడ్డెక్కాడు.

"కనకన్నా! చెప్పులు!"

చావుకబురు చెప్పి వెళ్లేవాడు ఎంత పిలిచినా వెనక్కి తిరగకూడదు. చెప్పకుండానే వెళ్తున్న కనకయ్య కాళ్లు ఆ పద్ధతినే పట్టుకున్నాయి. కాలే రోడ్డు మీద వట్టి కాళ్లతో, వేగంగా నడిచిపోయాడు.

లక్ష్మవ్వ రెండోసారి పిలిచింది. మూడోసారి నోరు తెరిచి ఆగిపోయింది.

"ఏమైందమ్మా?" అన్నాడు బల్ల మీది మనిషి, లేచి నిలబడి.

ఆమె కొంగు తల మీదికి లాక్కుంది.

"ఏం లేదు సారూ. ముసలాయిన చెప్పులు మర్సిపోయిండు."

లోపలికి పోయి తలుపు వేసుకుంది. గడప ముందర, మడమలరిగిన ఆ రెండు చెప్పులు ఇంటివైపు తిరిగి అలాగే ఉన్నాయి.