విశ్వాసవీరుడికి బదిలీ

నంద్యాలలో సామ్యేలు సారు బైబిలు క్లాసు చెబుతున్నాడంటే చర్చి వరండా చాలేది కాదు. వారమంతా ప్రాథమిక పాఠశాలలో ఎక్కాలు చెప్పే మనిషి, ఆదివారం మధ్యాహ్నం మాత్రం విశ్వాసవీరుల కథలు చెప్పేవాడు. చెప్పడమంటే ఆడి చూపడమే. నోవహు కథైతే లేని సుత్తితో లేని మేకులు కొట్టేవాడు. అబ్రాహాము కథైతే భుజాన మూట ఉన్నట్టు వంగి, వరండా ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేవాడు.

"దేవుడు పొమ్మన్నాడు, ఆయప్ప పోయినాడు. యాడికి అని అడిగినాడా? అడగలా! మనమైతే ఆడ నీళ్ళుండాయా, కరెంటుందా అని అడుగుతాం" అని ఎత్తిపొడిచేవాడు. జనం సిగ్గుతో తలలు దించుకునేవారు. ముందు వరుసలో కూర్చునే జీవమ్మ మాత్రం తల దించేది కాదు. ఆమె బియ్యం మిల్లులో కూలి మనిషి. చదువు రాదు గానీ, విన్నది మరిచేది కాదు.

రెండు వేల ఒకటో సంవత్సరం మే నెలలో సామ్యేలు సారుకు బదిలీ కాగితం వచ్చింది. ఆళ్లగడ్డ దాటి, నల్లమల అంచున ఒక చెంచుగూడెం. ఒకే గది బడి, ఒకే పంతులు.

"ఆడ కరెంటుందో లేదో!" అన్నాడాయన, కాగితం చదివిన వెంటనే.

భార్య లూదియా బియ్యం చెరుగుతూ తలెత్తింది. "అబ్రాహాము అడగలేదంటివే?"

"అబ్రాహాముకు ఒంటెలుండె, పనోళ్ళుండ్రి. నాకు నడుంనొప్పి తప్ప ఏముంది?"

ఆ నడుంనొప్పి ఆయనకు ఆ క్షణంలోనే మొదలైంది. మర్నాడు దాన్ని కాగితం మీద రాయించుకుందామని ఒక డాక్టరు దగ్గరికి పోయాడు. డాక్టరు వంగమన్నాడు. సారు ఆదమరిచి వంగాడు. అరచేతులు రెండూ నేలకు ఆనాయి. డాక్టరు నవ్వి పంపేశాడు.

అప్పుడు గిద్యోను గుర్తొచ్చాడు. గిద్యోను గొర్రెబొచ్చు కళ్ళంలో పరిచి, దానిమీద మంచు పడుతుందా లేదా అని చూసి దేవుడి మనసు తెలుసుకున్నాడు కదా. సారు మిద్దె మీద తువాలు పరిచాడు. పొద్దునకు అది పొడిగా ఉంటే దేవుడికి ఈ బదిలీ ఇష్టం లేనట్టని ప్రార్థన చేసుకున్నాడు. నంద్యాలలో, మే నెలలో! తెల్లారేసరికి తువాలు అప్పడంలా ఉంది.

"చూసినావా? దేవుడు వద్దంటాండాడు."

"అది దేవుడు కాదు, ఎండ" అంది లూదియా.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో జీవమ్మ లేచింది. లూదియా ఆమెకు బదిలీ సంగతి చెప్పింది గానీ, తువాలు సంగతి చెప్పలేదు.

"మన సారును దేవుడు అడివికి పిలిచినాడంట. అబ్రాహాము మాదిరి పోతాండాడు."

సంఘమంతా చప్పట్లు కొట్టింది. పాస్టరు గారు దండ వేశారు. సారు నోరు తెరిచాడు గానీ, అందులోంచి "స్తోత్రం" తప్ప ఇంకేమీ రాలేదు.

జూన్‌లో పోయాడు. పోయాడంటే, ఆళ్లగడ్డ దాకా పోయాడు. నంద్యాలలో ఉన్న లూదియాకు కూడా చెప్పకుండా బస్టాండు దగ్గర గది తీసుకున్నాడు. సోమవారం గూడేనికి పోయి, వారానికి సరిపడా సంతకాలు పెట్టి వచ్చేవాడు. నెలకొకసారి నంద్యాల చర్చిలో సాక్ష్యం చెప్పేవాడు. దారిలో ఎలుగుబంటి ఎదురైందట, దానియేలును కాచిన దేవుడే తననూ కాచాడట. ఆ ఎలుగుబంటి నెలకొక మూర పెరిగేది.

సెప్టెంబరులో ఒక బుధవారం జీవమ్మ, లూదియా, ఇంకో నలుగురు పలకలు, బలపాలు కొనుక్కుని జీపులో గూడేనికి బయలుదేరారు. సారుకు చెప్పకుండా పోయి సంతోషపెట్టాలని వాళ్ళ ఆలోచన. ఆళ్లగడ్డలో టీ కోసం దిగితే, హోటల్లో దోసె తింటూ సారు కనిపించాడు.

"ఈడేం చేస్తాండావ్ సారూ?" అంది జీవమ్మ.

"బలపాలకని వచ్చినా."

"మేం తెచ్చినాం. జీపెక్కు."

గూడెంలో బడికి తాళం వేసి ఉంది. మెట్ల మీద మేకలు పడుకున్నాయి. చెంచమ్మ అనే ముసలామె వచ్చి సారును తేరిపార చూసింది. "సోమవారం సారు గదా! ఈ పొద్దొచ్చినాడేందీ? వస్తాడు, రాస్తాడు, పోతాడు. రాసేది మాత్రం బాగా రాస్తాడు."

"మరి ఎలుగుబంటి?" అంది జీవమ్మ.

"ఈ దావన ఎలుగొచ్చి నాలుగేండ్లాయె."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది సారుకు. లూదియా జీపు వైపు తిరిగి నిలబడింది. జీవమ్మ పలకల మూట ఆయన చేతిలో పెట్టింది.

"మోషే నలభై ఏండ్లు అరణ్యంలో ఉండె అని నువ్వే చెప్పినావు. నువ్వు నలభై దినాలుండి చూడు సారూ."

జీపు ఆయన్ని వదిలేసి పోయింది.

ఆయన ఉన్నాడు. విశ్వాసంతో కాదు, సిగ్గుతో. బడిలోనే పడుకున్నాడు, గూడెం వాళ్ళు పెట్టిన సంకటి తిన్నాడు. ఇంకేం చేయాలో తోచక పిల్లలకు అక్షరాలు చెప్పాడు. ఒక సాయంత్రం నిజంగానే ఎలుగుబంటి బడి వెనక్కి వచ్చింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నమ్మేదెవరు?

నలభై ఒకటో రోజు పొద్దున పెట్టె సర్దుకున్నాడు. గడప దాటుతుంటే చెంచమ్మ పలక పట్టుకుని ఎదురొచ్చింది. రోజూ కిటికీ బయట కూర్చుని వినేదట.

"నా పేరు రాసినా. సరిగ్గా ఉందా?"

'చెంచమ' అని ఉంది.

"మ కింద ఒత్తు రావాల" అన్నాడు సారు.

"అదేందో నాకు తెలీదు. చెప్పు మరి."

సారు పెట్టె కింద పెట్టి, దానిమీదే కూర్చుని, బలపం అందుకున్నాడు.