మెకింటైర్ వారి వియ్యం

గంపల సుందరరాజుకు ఆళ్లగడ్డలో టీచరు ఉద్యోగం దొరికింది గానీ ఇల్లు దొరకలేదు. ఊళ్లో ఖాళీ ఇండ్లు లేక కాదు. తలుపు తట్టిన ప్రతిచోటా ఇంటాయన అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్లు తెమ్మని లోపలికి కేకేసి, "మీ ఇంటిపేరేందప్పా?" అని అడిగేవాడు. గంపల అని చెప్పగానే, ఆ ఇంటికి అప్పుడే ఎవరో బయానా ఇచ్చిపోయిన సంగతి ఆయనకు ఉన్నట్టుండి గుర్తొచ్చేది. మంచినీళ్లు కూడా నడవలోనే ఆగిపోయేవి. 1974లో వానాకాలమంతా సుందరరాజు నంద్యాల నుంచి రోజూ బస్సులో వచ్చి పోయాడు.

"ఊరి బయట పేటలో అడుగు, మనోళ్లు ఇస్తారు," అంది భార్య కృపావతి.

"బీయే చదివి మళ్లీ పేటలోనే ఉండేదానికి బీయే ఏంటికి?" అన్నాడు.

ఆ బస్సు ప్రయాణాల్లోనే ఆయనకు వాళ్ల తాత మత్తయి గుర్తొచ్చాడు. మత్తయి నంద్యాలలో మెకింటైర్ అనే పాదిరి దొర బంగళాలో పనిచేసినవాడు. మరుసటి రోజు సుందరరాజు బట్టల అంగడి శ్రీనివాసులు ఇంటి తలుపు తట్టాడు.

"ఇంటిపేరు?" అన్నాడు శ్రీనివాసులు.

"మెకింటైర్."

"ఏందీ?"

"మెకింటైర్. స్కాట్లాండు."

శ్రీనివాసులు తనకు తెలిసిన కులాలన్నీ మనసులో తిరగేశాడు. ఇది యాడా తగల్లేదు. కిందివైతే ఆయనకు కంఠతా వచ్చు కాబట్టి, తగలనిది కిందిది అయ్యుండదని తేల్చుకున్నాడు.

"పైనా?" అన్నాడు వేలు ఆకాశానికి చూపిస్తూ.

"బాగా పైన," అన్నాడు సుందరరాజు. బడి గోడకు తగిలించిన భూపటం ప్రకారం అందులో అబద్ధమేమీ లేదు.

ఇల్లు దొరికింది. పెరట్లో బావి కూడా ఉంది. శ్రీనివాసులు భార్య రామేశ్వరమ్మ కృపావతిని పిలిచి, "ఎన్ని నీళ్లు కావాలన్నా తోడుకో చెల్లీ," అంది. పేరు ఇంత బాగా పనిచేశాక వదులుకునేవాడెవడు? సుందరరాజు గెజెట్‌లో వేయించి మరీ మెకింటైర్ అయిపోయాడు. పేటలో ఉన్న తల్లి ఓబులమ్మకు పోయి చెబితే ఆమె చాటలో రాళ్లేరుతూ తలెత్తకుండానే అంది:

"మీ తాత ఆ దొర దగ్గర గుర్రానికి గడ్డేసినాడురా నాయనా. పెట్టుకుంటే గుర్రం పేరు పెట్టుకో. దానికైతే మనం రోంత దగ్గర."

మంచి సంగతి ఎక్కువ రోజులు దాగదు. కృపావతి తమ్ముడు కత్తుల జయరాజు బస్సు కండక్టరు. ఏడాది తిరక్కుండానే అతనూ మెకింటైర్ అయ్యాడు. దొర స్నానానికి నీళ్లు కాచింది తన అవ్వేనని అతని వాదన. ఆ వెనకే దొరకు కోడికూర వండినవాళ్ల మనవళ్లు, గొడుగు పట్టినవాళ్ల మనవళ్లు వరసగా బయటికొచ్చారు. అందరి మాటా నిజమైతే, పాపం ఆ దొర పనివాళ్లను పెట్టుకోవడం తప్ప సువార్త చెప్పడానికి తీరిక దొరికి ఉండదు. 1980 వచ్చేసరికి నంద్యాల పేటలో ఒక వీధి వీధంతా మెకింటైర్లే. స్కాట్లాండులో కూడా వాళ్లు అంత ఇరుగ్గా కాపురాలుండరు.

పలికేవాళ్ల నోటికి మాత్రం అది లొంగలేదు. చాగలమర్రి దగ్గర జయరాజు బస్సుకు పంక్చరైతే డ్రైవరు దిగి చూసి, "కండక్టరు పేరే మేకు-ఇన్-టైరు అయితే ఇంగేమైతాది!" అన్నాడు. అప్పట్నుంచి ఆ దారెంబడీ జయరాజు మేకు టైరన్నే. అతను దాన్ని కూడా గౌరవంగానే తీసుకున్నాడు.

ఇట్లా అందరూ సుఖంగా స్కాట్లాండు వాళ్లై ఉండగా, 1983లో సుందరరాజు కూతురు లూదియాకు, జయరాజు కొడుకు పౌలుకు సంబంధం కుదిరింది. మేనమామ కొడుకు. చిన్నప్పట్నుంచీ అనుకున్నదే. పిల్లలిద్దరికీ ఇష్టమే. ఆదివారం నంద్యాల గుడిలో పాదిరిగారు పెండ్లి ప్రకటన చదివారు: "మెకింటైర్ పౌలుకును మెకింటైర్ లూదియాకును... అభ్యంతరమున్నవారు తెలుపవలెను."

సంఘపెద్ద బాలస్వామి లేచి నిలబడ్డాడు. తన కూతుర్ని పౌలుకు ఇద్దామని ఆయన ఎప్పట్నుంచో అనుకుంటున్నాడు. అందుకని ఆచారం ఆయనకు ఆ రోజు బాగా గుర్తొచ్చింది.

"ఒకే ఇంటిపేరు గదయ్యా! అన్నాచెల్లెండ్లయితారు. పెండ్లెట్లా జేస్తారు?"

గుడంతా గుసగుసలు. ఇంటిపేర్ల సంగతి బైబిల్లో లేకపోవచ్చు, నంద్యాలలో ఉంది. పాదిరిగారు ప్రకటన మడిచి జేబులో పెట్టుకున్నారు.

బయటికొచ్చి సుందరరాజు, "నువ్వు కత్తుల వాడివే గదా, మళ్లీ కత్తులకే పో," అన్నాడు బావమరిదితో.

"నువ్వే గంపలకు పో బావా. నా పేరు బస్టాండంతా తెలుసు."

"పంక్చరని తెలుసు!"

రెండు నెలలు మాటల్లేవు. లూదియా అన్నం సరిగా తినడం మానేసింది. "మీ నాయనకు పేరు దొరికింది, నీకు మొగుడు పోయినాడు," అని కృపావతి మొగుడికి వినబడేటట్టు అనేది. ఆయన వినబడనట్టు పిల్లల పేపర్లు దిద్దుకునేవాడు.

అప్పుడు దిగింది అసలు మెకింటైర్. పాదిరి దొరకు అన్న కూతురు, పెండ్లి చేసుకోని ముసలామె, చిన్నాన్న ప్రసంగాలు చేసిన గుడి చూద్దామని నంద్యాలకు వచ్చింది. అసలు పేరు ఎవరికి చెల్లుతుందో ఆమెనే అడిగి తేల్చుకుందామని ఆరాధన అయ్యాక బావా బావమరుదులిద్దరూ ముందు నిలబడ్డారు. వాళ్ల వెనక వీధి మొత్తం నిలబడింది. ఒక్కొక్కరే మెకింటైర్, మెకింటైర్ అని పరిచయం చేసుకుంటూ పోతుంటే ఆమె ముఖంలో మొదట సంతోషం, తర్వాత ఆశ్చర్యం, ఆ తర్వాత వేరే ఏదో అనుమానం కనబడ్డాయి. పాదిరిగారి చెవిలో మెల్లగా ఏదో అడిగింది. ఆయన దాన్ని తెలుగు చెయ్యలేదు.

"వాళ్ల చిన్నాయన పెండ్లే జేసుకోలేదు గదా, ఇంతమంది యాడనుంచి వచ్చినారని అడుగుతాంది. ముఖం చూస్తేనే తెలిసిపోతాండ్లా?" అంది ఓబులమ్మ గట్టిగా.

సుందరరాజు గొంతు సవరించుకుని, ఆ పేరుకు అర్థమేమిటని ఇంగ్లీషులో అడిగాడు. ముసలామె హాయిగా చెప్పింది. పాదిరిగారు తెలుగు చేశారు: "స్కాట్లాండులో మస్తుగా ఉండారంట ఈ పేరోళ్లు, ఐర్లండులో కూడా ఉండారంట. మాక్ అంటే వాళ్ల పాత భాషలో కొడుకంట. మిగతాది వడ్రంగి. మొత్తం కలిపి వడ్లోని కొడుకు."

ఇన్నేండ్లూ మోసింది ఇదా అన్నట్టు వీధి మొత్తం ఒకరి ముఖం ఒకరు చూసుకుంది. ముందుగా తేరుకున్నది జయరాజే.

"ప్రభువు వడ్లోని కొడుకు కాదా? ఆయనకు తక్కువ గానిది నాకేం తక్కువ? నేను వదల్ను," అన్నాడు.

సుందరరాజు బస్సెక్కాడు. ఆళ్లగడ్డకు పోయేసరికి ఆ వార్త ఆయనకంటే ముందే చేరింది. బాలస్వామి ఆ దారినే పోతూ శ్రీనివాసులు అంగడిలో చెప్పిపోయాడు. శ్రీనివాసులు అరుగు మీద ఎదురుచూస్తూ ఉన్నాడు.

"వడ్లోళ్లంట గదప్పా మీరు! ముందే జెప్పింటే ఏం పోయింటాది? దొడ్డి తలుపు ఊగులాడతాంది, రోంత సూడు."

బీయే చదివిన మనిషి ఆ తలుపు వంక చూశాడు. ఆ క్షణంలో ఆయనకు కోపం కంటే అలసట ఎక్కువ కలిగింది. తొమ్మిదేండ్లుగా ఈ గడపలో ప్రతి మాటా ఆచితూచి మాట్లాడిన అలసట.

"నాకు చెక్కపని రాదు. మాది గంపల. నంద్యాల పేట. మా తాత దొర గుర్రానికి గడ్డేసినాడు."

శ్రీనివాసులుకు ఈసారి తిరగేసుకోవాల్సిన పని లేకపోయింది. "మా అల్లుడు చాగలమర్రి నుంచి కాపురానికి వస్తాండాడు. ఇల్లు కావాల," అన్నాడు.

"రానీ. వచ్చినాక మాట్లాడుకుందాం," అని సుందరరాజు లోపలికి పోయాడు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత బాగా నిద్రపట్టింది.

పొద్దున్నే కృపావతి బిందె తీసుకుని బావి దగ్గరికి పోయింది. రామేశ్వరమ్మ గిలక పక్కనే నిలబడి ఉంది. తాడు ఆమె చేతిలో ఉంది.

"ఆయన తోడొద్దని జెప్పమన్నాడు," అంది ముఖం పక్కకు తిప్పుకుని.

"నువ్వేమంటావక్కా?"

రామేశ్వరమ్మ కాసేపు బావిలోకి చూసింది. "నేనా? తొమ్మిదేండ్లు ఈ నీళ్లతోనే గదా నువ్వు పంపిన పప్పు తిన్నాం. ఇప్పుడు కక్కేదెట్లా?" అని తాడు వదిలేసింది.

సుందరరాజు మళ్లీ గెజెట్‌లో వేయించి గంపల అయ్యాడు. ఈసారి ప్రకటన చదివినప్పుడు బాలస్వామి లేవలేదు. ఆయన కూతురికి అవుకులో సంబంధం కుదిరింది మరి. పెండ్లి అయ్యాక లూదియాకు మొగుడి ఇంటిపేరు వచ్చింది. పేరు వదిలించుకోవడానికి అంత అవస్థ పడిన తండ్రి, కూతుర్ని తన చేత్తోనే మెకింటైర్‌ను చేసి అత్తగారింటికి పంపాడు.

శ్రీనివాసులుకు ఆ పెండ్లి రోజున జ్వరమొచ్చింది. రామేశ్వరమ్మకు రాలేదు. ఆమె పొద్దున్నే బస్సెక్కి నంద్యాలకు వచ్చి, ఓబులమ్మ పక్కన బంతిలో కూర్చుని తిని, పిల్ల చేతిలో చీర పెట్టి సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. చాగలమర్రి అల్లుడు మాత్రం ఎందుకో కాపురానికి రానేలేదు.